మా దుకాణంల చాయ్ తాగని మిస్త్రి

మొన్న సోమవారం పొద్దుగాల మా ఎదురుంగ ఉన్న మెడికల్ షాపు షట్టర్ మోకాలెత్తు లేచి ఆగిపోయింది. షాపాయన మూడేండ్ల కింద దేవరకొండకు వచ్చినోడు. వంగి లోపలికి చూస్తున్నడు, లేస్తున్నడు, మల్ల వంగుతున్నడు. మందుచీటీలు పట్టుకొని అయిదారుగురు నిలబడ్డరు. ఒకామె చంకల పిల్ల జ్వరంతోటి మూలుగుతాంది.

"పెద్దాయనా, ఈ బజార్ల షట్టర్ మిస్త్రి ఎవరన్న ఉన్నడా?" అని నన్ను అడిగిండు.

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న స్టీలు సామాన్ల సేటు అందుకున్నడు. "ఒకాయన ఉండె. గాయన మాత్రం వద్దు. ఆయన ముట్టుకున్న షట్టరే పడి ఆపా చెయ్యి పోయింది. నల్గొండ నుంచి పిలిపించుకో."

ఆపా అంటే మసీదు ఎనుక గల్లీల బట్టలు కుట్టే ఆమె. ఆ పడ్డ షట్టర్ నా దుకాణానిది. స్టీలు సేటు నోట్లె ఉన్న ఆ మాటను పుట్టించినోన్ని కూడ నేనే. సేటుకు ఆ సంగతి తెల్వదు. నాకు తెలుసు.

లోపలికి పోయి పాత డైరీల నంబరు ఎతికి ఫోను కొట్టిన. ఒక ఆడమనిషి ఎత్తింది.

"మిస్త్రి ఉన్నడా అమ్మా?"

"బాపు పోయి నలభై దినాలు దాటింది."

"మాకొక కబురు పెట్టకపోతిరి బిడ్డా" అన్న.

"మీరెవరు?"

"దేవరకొండ. బజార్ల దారాల దుకాణం."

ఆమె నిమ్మళంగనే అన్నది. "మీ బజార్ల నుంచి బాపుకు పిలుపు బందై ఎన్నేండ్లాయె. కబురు ఎవరికి పెట్టాలె? షట్టర్ పని ఇప్పుడు నేను చేస్తున్న. బాపు చేతులు పనిచెయ్యనప్పటి సంది చేస్తనే ఉన్న. చుట్టు ఊర్లన్నీ పిలుస్తయి. మీరే పిలువరు. మీ పక్కపొంటి పోయి, మీ బజారు దాటి పోయి పని చేసుకొస్త." పెట్టేసింది.

అప్పటి సంది నాకు కూసుంటే కూసున్నట్టు లేదు, నిలబడితే నిలబడ్డట్టు లేదు. దారం చుట్ట అడిగితే గుండీలు ఇస్తున్న. పగటి బువ్వకు పోతే ఇంట్ల ముసల్ది "ఏమైంది నీకు, చెప్పుల్ల ముల్లు ఇరిగిందా?" అని అడిగింది. అదైతే తీసి పారెయ్యొచ్చు.

చచ్చినోల్ల గురించి పేపర్ల రాసేటోల్లు ఎప్పుడు పుట్టిండు, ఏం చదివిండు అని షురూ చేస్తరు. నాకు వాటి మీద ఒళ్లు మంట. నేను బడికి పోయింది అయిదో తరగతి దాంకనే. మిగిలిన సదువంతా పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద చదువుకున్నదే. ఆ పేపర్లల్ల ఎందరి చావులో చదివిన. ఒక్కదాంట్లె కూడ ఆ మనిషి ఎట్ల నడిచేటోడో, ఎవర్ని ఏమని తిట్టేటోడో రాయలే. మిస్త్రి ఎప్పుడు పుట్టిండో నాకు తెల్వదు. మర్రిగూడ దిక్కు ఊరని తెలుసు, వాళ్ల నాయిన గొర్లు కాసిండని తెలుసు. ఎట్ల నడిచేటోడో మాత్రం ఇప్పటికీ కండ్లల్ల ఆడుతాంది.

మెడ తిప్పేటోడు కాదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరిగేది. మోచేతులు ఎప్పుడూ సగం మడిచే ఉండేటివి, చంకల ఏదో పట్టుకున్నట్టు. మా దిక్కు ఇది చూసిన కండ్లకు కొత్త కాదు. తాగిన ఫ్లోరైడు నీళ్లు బొక్కలు పట్టినయి. ఆ నీళ్ల మీద ఎన్ని మీటింగులు, ఎన్ని దండలు, ఎంతమంది వచ్చి ఫోటోలు దిగి పోయిండ్రు! రాయాలంటే అదొక పుస్తకం. ఆయన మాత్రం ఒక్క ముక్కల తేల్చేటోడు. "షట్టరు పట్టుకుంటే గ్రీజు పెట్టేటందుకు నేనున్న సేటూ. నన్ను పట్టుకున్నదానికి గ్రీజు పెట్టేటోడు లేడు."

చేతులు భుజం దాటి లేవవు. షట్టర్ స్ప్రింగులేమో దుకాణం నెత్తి మీద ఉంటయి. అందుకని అందరు మిస్త్రీల కంటె రెండు మెట్లు ఎత్తున్న నిచ్చెన చేయించుకున్నడు. దాని మీద గొంగడి మడత పరిచి, స్ప్రింగులు రొమ్ము ముంగటికి వచ్చేటట్టు నిలబడి పని చేసేటోడు. మోపెడ్ మీద నిచ్చెన ఒక దిక్కు, మనిషంత పొడుగున్న పైపుపానా ఒక దిక్కు. దూరం నుంచి చూస్తె ఏదో నాలుగు కాళ్ల జీవం వస్తున్నట్టు ఉండేది.

పొద్దున దుకాణాలు తెరిచే యాలకు చౌరస్తల మోపెడ్ ఆపి, దాని మీదనే కూసొని వినేటోడు. ఒక్కొక్క షట్టరు గరగరమని లేస్తుంటే కండ్లు మూసుకొని, "బూట్ల దుకాణంది ఎండింది… గాజులాయనది కుంటుతాంది, ఎడమకాలు పోయింది… గది చూడు, దగ్గుతాంది" అనుకునేటోడు. గొర్లమందల దగ్గింది ఏ గొర్రెనో చీకట్ల కూడ గుర్తుపట్టే ఇంట్ల పుట్టిండు గదా. తర్వాత తిన్నగ ఆ దుకాణానికి పోయి, పిలువకున్నా, "నీ ఎడమ స్ప్రింగు చూపియ్యి" అని అడిగేది. దానికే సగం మంది చిరచిరలాడేటోల్లు.

ఆయన ఒంటికాలి మీద లేచేది ఒక్క విషయానికి. మా బజార్ల ఒక అలవాటు ఉన్నది. శుక్రవారం దేవుని దీపంల మిగిలిన నూనెను పారబొయ్యొద్దని షట్టరు రెండు పక్కల నడిచే ఇనుప కాలువల్ల పోస్తరు. అది నాలుగు దినాలు జారుతది. తర్వాత దుమ్ము పట్టి బంకై, ఎండకు కాగి రాయి అయితది. ఆయన స్క్రూడ్రైవర్‌తోటి ఆ నల్లటి గడ్డలు తవ్వి తీస్తూ, "ఏం సేటూ, దేవునికి పెట్టింది దీనికి తాపిస్తే స్వర్గానికి లేస్తదనుకున్నవా? కాలువలు పొడిబట్టతోటి తుడువు. గ్రీజు పైన స్ప్రింగుకు. గదీ ఇదీ ఒకటి కాదు" అని కసిరేటోడు.

స్ప్రింగు సంగతి నాకు చెప్పిన తీరు ఇంక ఏ పుస్తకంల చూడలే. పైన అడ్డంగ ఒక పైపు ఉంటది, దానికి రెండు దిక్కుల రెండు స్ప్రింగులు. షట్టరు కిందికి గుంజినకొద్ది అవి బిగుస్తయి. మల్ల లేపేటప్పుడు ఆ బిగువే మన చేతికి సాయం పడ్తది. "నువ్వు పగలంతా కష్టపడి రాత్రి పండుకుంటవు సేటూ. అది ఉల్టా. నువ్వు దుకాణం తెరిచి కూసుంటే అది పండుకుంటది. నువ్వు తాళం ఏసి ఇంటికి పోతే అది రాత్రంతా మోస్తనే ఉంటది. దాన్ని చూసినోడెవడు?"

ఒక్కటి పోతే రెండూ మార్చాలనేటోడు. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెట్టుమని బతిమాలితే చేతులు కడుక్కొని లేచిపోయేది. బిగువు ఇప్పేటప్పుడు దుకాణంల పురుగు కూడ ఉండొద్దు. ఒకసారి నన్నే వెళ్లగొట్టిండు. గల్లపెట్టె దగ్గర నిలబడి కదల్లేదని, "సేటూ, నీ గల్ల ఎత్తుకపోనులే. ఈ పానా జారిందంటే నా పండ్లు పోతయి, నీ తల పోతది. నాయి ఎట్లాగూ నాలుగే ఉన్నయి. బయటికి నడు" అన్నడు. పానాతోటి పైపును చుట్లు చుట్లు తిప్పుతూ, వడ్లు కొలిచేటోల్ల లెక్క ఒకటి అనకుండ "లాభం" అనేది. "లాభం… రెండు… మూడు…" ప్రతి చుట్టుకు ఊపిరి బిగపట్టేది.

పని అయినంక ఆయనకొక పరీక్ష ఉండె. షట్టరును సరిగ్గ సగం దాంక లేపి దుకాణపాయననే చెయ్యి ఇడవమనేది. పైకి గుంజుకపోతే బిగువెక్కువ. కిందికి జారితే తక్కువ. ఉన్నకాడ ఉంటే తూకం కుదిరినట్టు. అంతటితోటి ఆగేటోడు కాదు. ఆ సగం షట్టర్ కింద, గడప మీద గొంగడి ఏసుకొని కూసొని, ఒక చాయ్ తెప్పించుకొని తాగేటోడు. ఊదుకుంట, జుర్రుకుంట, గ్లాసు అడుగు కనవడేదాంక. నెత్తి మీద మణుగుల ఇనుము. అది కదలకపోతే లేచి గొంగడి దులుపుకునేది. మా బజార్ల ఎవరి షట్టర్ బాగైందన్నా, "మిస్త్రి చాయ్ తాగిండా?" అని అడిగేటోల్లు. తాగిండంటే ఇంక ఫికర్ లేదు.

నా దుకాణంల ఆయన చాయ్ తాగకుంట పోయిన దినం గురించి చెప్పాలె.

తెలంగాణ వచ్చిన కొత్తల. మా బజార్ల బట్టల దుకాణంల దొంగలు పడ్డరు. తాళాలు ముట్టలే. లారీ జాకీ తెచ్చి షట్టరు నడుమ పెట్టి లేపిండ్రు, మనిషి దూరేంత సందు చేసిండ్రు. బజారంతా గుండెలు బాదుకున్నది. అందరం కూడినప్పుడు లేచి ఉపాయం చెప్పింది నేనే. షట్టరు అడుగున ఈ కొస నుంచి ఆ కొస దాంక లావు ఇనుప యాంగిల్ వెల్డింగ్ పెట్టిస్తే జాకీకి లొంగదని చెప్పిన. పేపర్లు చదివి చదివి నాకు అన్నీ తెలుసనే పేరొకటి ఉండె. అందరు శబాష్ అన్నరు. వారంల బజారంతా యాంగిల్లు దిగినయి. మొదటిది నాదే.

మిస్త్రి దుకాణం దుకాణం తిరిగిండు. "బరువు పెంచిండ్రు. మోసేటియి పాతయే. షట్టరు లేపినా ఇంక వాటికి పండుకునుడు లేదు. యాంగిల్లన్న తీసెయ్యిండ్రి, స్ప్రింగులన్న మార్చుండ్రి." కొందరు మార్చిండ్రు, కొందరు సన్న పట్టీ పెట్టించిండ్రు. నేను మార్చలే. ఉపాయం చెప్పినోన్ని నేనే దిగజారితే నా మాటకు ఏం ఇజ్జత్ ఉంటది?

నెలకు నా షట్టరు లేపాలంటే నడుము పట్టేసుడు షురువైంది. ఆయననే పిలిచిన. నిచ్చెనెక్కి, చేతివేళ్లతోటి స్ప్రింగు తడిమి, మనిషంతా నా దిక్కు తిరిగిండు.

"ఎడమదానికి పగులు వచ్చింది సేటూ. రెండూ మార్చాలె. కింద ఇనుము కొయ్యాలె."

"గ్రీజు పెట్టి ఇంకో రెండు చుట్లు బిగియ్యి చాలు."

"ముసలెద్దును కొడితే రెండడుగులు ఉరుకుతది. మూడో అడుగుకు పడ్తది."

బయట నలుగురు జమైండ్రు. నాకు తల తీసేసినట్టు అనిపించింది. "నీ స్ప్రింగులు అమ్ముడుపోవాలె, గంతేనా? బజారంతా తిరిగి భయపెట్టుడు అందుకేనా?" అన్న. గట్టిగనే అన్న.

ఆయన దిగిండు. కాలువలు తుడిచిండు, స్ప్రింగులకు ఇంత గ్రీజు పెట్టిండు. నిచ్చెన మడిచి కట్టుకున్నడు. "రేపటి సంది దీన్ని తెరవకు. నల్గొండ పోయి స్ప్రింగులు తెస్త. అప్పటిదాంక పక్క తలుపు నుంచి అమ్ముకో" అని నాకొక్కనికే ఇనవడేటట్టు అన్నడు. చాయ్ హోటల్ ఆయన అలవాటు కొద్ది గ్లాసు తెచ్చి నిలబడ్డడు. మిస్త్రి దాని దిక్కు చూడకుండనే మోపెడ్ ఎక్కి పోయిండు. గ్లాసు పట్టుకున్న ఆయన నన్ను చూసిండు, చుట్టు ఉన్న నలుగురు నన్ను చూసిండ్రు. ఆ చూపుకే నాకు కాలింది.

తెల్లారి షట్టరు లేపిన. మధ్యాహ్నం ఆయన కొత్త స్ప్రింగులు మోపెడ్ మీద పెట్టుకొని వచ్చి నా ముంగట ఆగిండు. బండి ఇంకా దిగలే. "ఎవరు తెమ్మన్నరు? ఎత్తుకపో" అన్న. పదకొండు దినాలు ఏం కాలే. వచ్చినోల్లకు, పోయినోల్లకు షట్టరు చూపించి నవ్విన.

పన్నెండోనాడు ఆపా వచ్చింది. ఒక జాకెట్టు ముక్కకు దారం రంగు కలువాలె. లోపలి లైటుకు రంగు మారుతదని ఎప్పుడూ గడపకాడ ఎండల పెట్టి చూసుకునేది. ముక్క జారి గడప మీద పడ్డది. తీసుకుందామని వంగింది. పైన ఠంగుమన్నది. ఆ చప్పుడు ఏందో నాకు ఎరుకయ్యేలోపే షట్టరు దిగింది. కుడిచెయ్యి. రెండు వేళ్లు. దవాఖానల కట్టు కట్టిండ్రు. ఒక వేలు బాగైంది. చూపుడువేలు మల్ల వంగలే.

దవాఖాన వరండల అందరు నా సుట్టు చేరిండ్రు. "దాన్ని ఆఖరుకు ఎవరు ముట్టిండ్రు?" అని అడిగిండ్రు.

"మిస్త్రి" అన్న.

అబద్ధం కాదు. ఆఖరుకు ముట్టింది ఆయనే. అంతటితోటి ఊకున్న. తెరవకుమని చెప్పిపోయిండని అనలే. ఎవరూ అడగలే. ఒక్కమాట. దానికి కాళ్లు వచ్చినయి, చేతులు వచ్చినయి. వారంల బజారంతా ఇంకో మిస్త్రిని చూసుకున్నది.

మూడోనాడు ఆయన వచ్చిండు. కొట్లాడతడనుకొని నేను నోట్లె మాటలు సర్దుకొని పెట్టుకున్న.

"ఆమె చెయ్యి ఎట్లున్నది?" అని అడిగిండు.

చెప్పిన.

"నా పేరు ఏమన్న కానియ్యి. ఈ షట్టర్ ఇట్ల ఉండొద్దు. జరుగు" అన్నడు. నేను ఎత్తుకపొమ్మన్న ఆ స్ప్రింగులే తెచ్చిండు. రెండూ మార్చిండు. యాంగిలును రంపంతోటి కోసిండు. మడిచిన మోచేతులతోటి ఆ ఇనుము కోసుడు చూస్తుంటే నాకు పండ్లు జివ్వుమన్నయి. షట్టరు సగం దాంక లేపి చెయ్యి ఇడ్సిండు. గొంగడి గడప మీద పరిచిండు. తను కూసోలే.

"నువ్వు కూసో" అన్నడు.

"నేనెందుకు?"

"నీ షట్టరు. కూసో."

బజారంతా చూస్తున్నది. కూసున్న. చాయ్ తెప్పించి నా చేతికిచ్చిండు. నెత్తి మీద ఇనుము, చేతిల గ్లాసు. ఆయన రోడ్డు మీద నిలబడి నన్నే చూస్తున్నడు. స్టీలు సేటు ఉన్నడు, గాజులాయన ఉన్నడు, చాయ్ హోటల్ ఆయన ఉన్నడు. అందరున్నరు.

"ఏమన్న చెప్తవా సేటూ?" అన్నడు మిస్త్రి.

"ఏం చెప్పాలె?"

"ఏం లేదు. చాయ్ తాగు."

తాగిన. అడుగు కనవడ్డది. ఆయన గొంగడి దులుపుకొని పోయిండు.

ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్దామనుకున్న. బజారోల్లం కూడినప్పుడల్లా నోటిదాంక వచ్చేది. వేరే ముచ్చట్లు వచ్చేటివి, కరెంటు బిల్లులు, మోరీలు, రోడ్డు వెడల్పు. వాటి మీద మాత్రం గొంతు చించుకొని మాట్లాడిన. అన్యాయమని ఎన్ని అర్జీలు రాసిన్నో! నేను రాసిన అర్జీలు చదివి ఆఫీసర్లు ఇసుక్కునేటోల్లు. అంత నీతి నోట్లె పెట్టుకొని ఈ ఒక్క ముక్క మింగిన.

కరోనా వచ్చి అన్నీ బందు పెట్టినప్పుడు ఒకనాడు మా ఇంటి ముంగట మోపెడ్ చప్పుడైంది. మూతికి తువ్వాల కట్టుకొని రోడ్డు మీదనే నిలబడి కేకేసిండు. "సేటూ, షట్టరు దించి నెల దాటింది. స్ప్రింగు బిగుసుకొని ఉంటది. వారానికొకసారి పోయి లేపి దించి రా. లేకుంటే తెరిచిననాడు తెగుతది." నేను కిటికీల నుంచి తల ఊపిన. "బువ్వ తిన్నవా?" అని అడిగిన. "తిన్న" అన్నడు. పోలీసులు రాకముందే పోవాలని పోయిండు. ఊరంతా అట్లనే తిరిగిండని తర్వాత తెలిసింది, తనను పిలువని దుకాణపోల్లకు కూడ చెప్పుకుంట. అప్పుడన్న తప్పు నాదని ఆయనకు చెప్పొచ్చుండె. రోడ్డు మీద ఆయన తప్ప పురుగు లేదు. చెప్పలే.

ఆ సోమవారమే, మిస్త్రి బిడ్డ ఫోను పెట్టేసినంక ఆపా ఇంటికి పోయిన. ఇన్నేండ్లల్ల మొదటిసారి. ఆమె మిషను మీద వంగి కుడుతాంది. ఆ వేలు చువ్వ లెక్క నిలబడి ఉన్నది.

"ఆపా, మిస్త్రి పోయిండట."

"ఎరుకే" అన్నది. "నలభై దినాలకు పోయొచ్చిన."

గడపకాడ నిలబడే చెప్పిన. ఆయన తెరవకుమన్నడని, నేనే తెరిచిన్నని, దవాఖానల దాచిపెట్టిన్నని.

ఆమె మిషను ఆపలే. "నాకు ఇవ్వాళ చెప్తున్నవా సేట్? ఆయన నా కట్టు ఇప్పకముందే వచ్చిండు. 'తప్పు నాదే బిడ్డా. అది పడ్తదని నాకెరుక. దించి, తాళమేసి, తాళపుచెవి నా జేబుల ఏసుకొని పోవాలె. మాట పడ్డనన్న కోపంల అట్లనే ఇడ్సి పోయిన' అన్నడు. నీ పేరు ఎత్తలే." కత్తెర తీసి చూపించింది. పిడి ఒక దిక్కు వెడల్పుగ సాగి ఉన్నది. "వంగని వేలు దూరేటట్టు కొలిమికి తీసుకపోయి సాగగొట్టించుకొచ్చిండు. నెల నెల వచ్చి ఈ మిషనుకు నూనె పోసిపోయేటోడు. చేతులు లేవకున్నా వచ్చేది. నీ దుకాణం ఈడికి ఎంత దూరం సేట్?"

కత్తెర పక్కన పెట్టి మల్ల మిషను మీద వంగింది.

"నాకు చెప్తే నా వేలు వంగుతదా? ఆయన బిడ్డ అదే పని చేసుకొని బతుకుతాంది. మీ బజార్ల ఒక్కడు పిలుస్తలేడు. పో, ఆడ చెప్పు."

పోయిన. మెడికల్ షాపు షట్టరు ఇంకా మోకాలెత్తునే ఉన్నది. నల్గొండ మిస్త్రి రేపు వస్తనన్నడట. రోడ్డు నడుమ నిలబడి స్టీలు సేటును, గాజులాయనను పేరు పెట్టి పిలిచిన. చెప్పిన. ఒక్క ముక్క ఇడువకుంట చెప్పిన.

"పెద్దాయనా, జర నీడకు రా, ఎండ తగుల్తది" అన్నడు గాజులాయన.

స్టీలు సేటు మాత్రం నా మొఖం దిక్కే చూసిండు. "మరి ఇన్నేండ్లు ఏం చేసినవ్?"

"దుకాణం నడిపిన" అన్న.

మెడికల్ షాపాయనకు ఈ కథంతా ఎందుకు? ఆయనకు షట్టరు లేవాలె. నా దగ్గర నంబరు తీసుకొని ఆయనే ఫోను చేసిండు. మిస్త్రి బిడ్డ ఎట్ల ఒప్పుకున్నదో తెల్వదు, పొద్దుగూకక ముందే వచ్చింది. నలభై ఏండ్లుంటయి. చీర మీద మొగోల్ల అంగీ తొడుక్కున్నది. నడకలనే గుర్తుపట్టిన. నేను దగ్గరికి పోయి, "బిడ్డా, మీ బాపు…" అనబోయిన.

"పైన పని నడుస్తాంది. బయట నిలబడుండ్రి" అన్నది, అందరితోటి అన్నట్టే.

పని అయ్యింది. జ్వరం పిల్ల తల్లి పొద్దటి సంది మూడోసారి వచ్చింది, మందు తీసుకొని పోయింది. మిస్త్రి బిడ్డ పానా తుడుచుకొని, రోడ్డు దాటి, నన్ను అడగకుండనే నా షట్టరు కిందికి గుంజింది. లేపింది. మల్ల గుంజి చెవి ఆనిచ్చి విన్నది.

"ఇయ్యి బాపు పెట్టినయేనా?"

"ఆయన పెట్టినయే."

"కాలం తీరినయి. కొత్తయి నల్గొండల లేవట, హైదరాబాద్ నుంచి రావాలె." నన్ను సక్కగ చూసింది. "రెండూ మార్చేదాంక తెరవకుండ్రి."

ఇవ్వాళ్టికి అయిదు దినాలు. వచ్చినోల్లకు పక్క తలుపుల నుంచి దారాలు అందిస్తున్న. నడుమ నడుమ ఈ అరుగు మీద కూసొని ఇది రాస్తున్న. దుకాణం మూసినవా అని పోయేటోల్లు వచ్చేటోల్లు అడుగుతున్నరు. మిస్త్రి తెరవకుమన్నదని చెప్తున్న.